అలైన్‌మెంట్ సందేహాలు: ఈ ఎంఆర్ఎన్ఏ ముక్క జీనోమ్ లో ఎక్కడిది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, ఆర్ఎన్ఏ సీక్వెన్స్ ని (జీన్ నుంచి కణం తీసుకునే నకలులోని అక్షరాల వరసని) తీసుకెళ్ళి జీనోమ్ మీద, అంటే మొత్తం డీఎన్ఏ మీద, సరైన చోట ఎలా కూర్చోబెట్టాలి అని. అందుకే మిగతావి వచ్చే నెలకి ఉంచి ఇవే తీసుకున్నా. ఒక తండ్రి రాసిన ఉత్తరం కూడా ఉంది, అది కంప్యూటర్ ప్రశ్న కాదు, కానీ సమాధానం అక్కడికే వస్తుంది కాబట్టి మధ్యలో పెట్టా.

ప్రశ్న: సార్, మా కాలేజీలో ఏ సీక్వెన్స్ ఇచ్చినా బ్లాస్ట్ లో (పోలిక ఉన్న సీక్వెన్సులు వెతికే సాఫ్ట్‌వేర్) పెట్టి చూడమంటారు. ఎంఆర్ఎన్ఏ ని జీనోమ్ తో పోల్చడానికి వేరే సాఫ్ట్‌వేర్లు ఎందుకు అసలు? బ్లాస్ట్ తో కూడా దొరుకుతోంది కదా. — ఎంఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, వరంగల్

దొరుకుతుందమ్మా, కాదనట్లేదు, కానీ ముక్కలుగా దొరుకుతుంది, ఆ ముక్కల అంచులు ఎక్కడో అది కచ్చితంగా చెప్పదు. మన జీన్లలో చాలావరకు ఎగ్జాన్ల (ఎంఆర్ఎన్ఏ లో మిగిలే ముక్కలు) మధ్య ఇంట్రాన్లు (తీసేసే ముక్కలు) ఉంటాయి, ఆర్ఎన్ఏ తయారయ్యాక ఇంట్రాన్లు కత్తిరించేసి ఎగ్జాన్లు అతికిస్తారు, అంటే మీ చేతిలో ఉన్న ఎంఆర్ఎన్ఏ జీనోమ్ లో వరసగా ఒకే చోట ఉండదు. పేపర్లో ఒక వార్త మొదటి పేజీలో మొదలై "మిగతా 7వ పేజీలో" అని ఉంటుంది చూడండి, అలా అన్నమాట, కాకపోతే ఇక్కడ ఆ "మిగతా ఎక్కడ" అన్న లైన్ మనకి ఎవరూ రాసిపెట్టలేదు, సాఫ్ట్‌వేరే వెతుక్కోవాలి.

ఈ సంగతి బయటపడింది 1977లో. ఎంఐటీలో ఫిలిప్ షార్ప్ టీమ్, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లో రిచర్డ్ రాబర్ట్స్ టీమ్, ఇద్దరూ అడినోవైరస్ మీద పనిచేస్తూ వైరస్ ఎంఆర్ఎన్ఏ ని వైరస్ డీఎన్ఏ తో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. కొన్నిచోట్ల ఆర్ఎన్ఏ డీఎన్ఏ కి చక్కగా అతుక్కుంది, మధ్యలో డీఎన్ఏ మాత్రం జత దొరక్క లూప్ లాగా బయటికి పొడుచుకొచ్చింది. ఆ లూపులే ఇంట్రాన్లు. వాళ్ళిద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది. నన్నడిగితే ప్రపంచంలో మొదటి స్ప్లైస్డ్ (ఇంట్రాన్లని దాటుకుంటూ అతికే) అలైన్‌మెంట్ అదే, కంప్యూటర్ లేకుండా కెమిస్ట్రీయే చేసిపెట్టింది.

ఇప్పుడు అంచుల సంగతి. ఒక నిజమైన జీన్ తీసుకుందాం, బీటా గ్లోబిన్, అంటే హెచ్‌బీబీ. మన హీమోగ్లోబిన్ లో సగం దీని నుంచే వస్తుంది. చిన్న జీన్, మొత్తం 1,600 బేసులు (డీఎన్ఏ అక్షరాలు) అటూఇటూ, మూడు ఎగ్జాన్లు, మధ్యలో రెండు ఇంట్రాన్లు, మొదటిది 130 బేసులు, రెండోది 850. ఎంఆర్ఎన్ఏ వచ్చి 630 బేసుల దగ్గర్లో ఉంటుంది.

మొదటి ఎగ్జాన్ చివర్లో జీనోమ్ ఇలా ఉంటుంది: జీ-జీ-సీ-ఏ-జీ. ఆ వెంటనే ఇంట్రాన్ మొదలు: జీ-టీ-టీ-జీ-జీ-టీ. ఇంట్రాన్ చివర: సీ-సీ-టీ-టీ-ఏ-జీ. ఆ తర్వాత రెండో ఎగ్జాన్: జీ-సీ-టీ-జీ-సీ-టీ. ఎంఆర్ఎన్ఏ లో చూస్తే అతుకు దగ్గర జీ-జీ-సీ-ఏ-జీ-జీ-సీ-టీ-జీ అని కంటిన్యూగా ఉంటుంది. కాగితం మీద రాసుకుని చూడండి, తమాషా కనిపిస్తుంది. ఇంట్రాన్ మొదటి అక్షరం జీ, రెండో ఎగ్జాన్ మొదటి అక్షరం కూడా జీ, కాబట్టి అతుకుని ఒక అక్షరం కుడికి జరిపినా ఎంఆర్ఎన్ఏ తో ఒక్క తేడా కూడా రాదు. అలాగే ఇంట్రాన్ చివర ఏ-జీ, మొదటి ఎగ్జాన్ చివర కూడా ఏ-జీ, కాబట్టి ఒకటో రెండో ఎడమకి జరిపినా తేడా రాదు. మొత్తం నాలుగు చోట్ల అతుకు పెట్టొచ్చు, నాలుగూ నూటికి నూరు శాతం మ్యాచే. బ్లాస్ట్ కి ఇక్కడ అడ్డు చెప్పేదేమీ లేదు, మొదటి ముక్కని ఒక అక్షరం ఎక్కువ లాగుతుంది, రెండో ముక్కని రెండు అక్షరాలు వెనక్కి లాగుతుంది, రెండు ముక్కలూ మూడు అక్షరాల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

మరి ఏది నిజం? అక్షరాలు చూసి చెప్పలేం, బయాలజీ తెలిస్తేనే చెప్పగలం. ఇంట్రాన్లు దాదాపు అన్నీ జీటీ తో మొదలై ఏజీ తో ముగుస్తాయి, మనుషుల్లో 98 శాతం పైనే. ఆ నాలుగు అవకాశాల్లో ఇంట్రాన్ జీటీ తో మొదలై ఏజీ తో ముగిసేది ఒక్కటే, మిగతా మూడింట్లో టీటీ–జీజీ, జీజీ–టీఏ, ఏజీ–టీటీ వస్తాయి. స్ప్లైస్డ్ అలైనర్ అనే సాఫ్ట్‌వేర్ కి ఈ నియమం ముందే తెలుసు, ఆ తెలివి లేకపోతే అది మామూలు స్ట్రింగ్ మ్యాచింగే. ఒక అక్షరం జరిగితే ఏమైంది అనుకోవద్దు, రెండు అంచులూ కలిసి జరిగితే ఎంఆర్ఎన్ఏ మారదు కానీ ఒక్క అంచే జరిగితే రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరస) మొత్తం మారిపోయి మీరు రాసే ప్రొటీన్ వేరే అయిపోతుంది.

ఇంకోటి, హెచ్‌బీబీ పక్కనే హెచ్‌బీడీ అనే అక్క చెల్లెలు జీన్ ఉంది, చాలా పోలిక. బ్లాస్ట్ రిజల్ట్ లో దాని ముక్కలు కూడా కలిసి వస్తాయి, ఏ ముక్క ఏ జీన్ దో కలిపి చూసుకునే పని మీదే అవుతుంది.

ప్రశ్న: నమస్కారమండి. మా అమ్మాయికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం, రక్తపరీక్షలో తలసీమియా క్యారియర్ అన్నారు. జెనెటిక్ రిపోర్ట్ లో "హెచ్‌బీబీ ఐవీఎస్ 1-5 జీ నుంచి సీ, హెటెరోజైగస్" అని ఉంది. ఇంట్రాన్ అంటే పనికిరానిది కత్తిరించేస్తారు అంటున్నారు కదా, పనికిరానిదాంట్లో తేడా వస్తే జబ్బు ఎలా అవుతుంది? — ఒక తండ్రి, ఖమ్మం

మంచి ప్రశ్న అడిగారు సార్, ముందు మీకు కావలసింది చెప్తా. హెటెరోజైగస్ అంటే మీ అమ్మాయికి రెండు కాపీల్లో ఒకటి బాగానే ఉంది, ఆమె క్యారియర్ మాత్రమే, క్యారియర్లు మామూలు జీవితమే గడుపుతారు, కొంచెం రక్తం తక్కువగా కనిపించొచ్చు అంతే. చూసుకోవలసింది అబ్బాయికి కూడా హెచ్‌బీఏ2 పరీక్ష (క్యారియరా కాదా చెప్పే రక్తపరీక్ష) చేయించడం. ఆయన క్యారియర్ కాకపోతే పిల్లలకి తలసీమియా మేజర్ (జబ్బు తీవ్ర రూపం) వస్తుందన్న భయం అక్కర్లేదు. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులో పాతిక శాతం రిస్క్ ఉంటుంది, అప్పుడు జెనెటిక్ కౌన్సెలర్ ని కలవాలి, గర్భంలో మూడో నెల ప్రాంతంలోనే పరీక్ష చేసి తెలుసుకునే వీలుంది. దయచేసి ఈ విషయం దాచకండి, పిల్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు, మన దేశంలో బీటా తలసీమియా కి కారణమైన మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఈ ఐవీఎస్ 1-5 నే.

ఇప్పుడు ఎందుకు అన్నదానికి. పైన వరంగల్ అమ్మాయికి రాసిన అక్షరాలు చూడండి, ఇంట్రాన్ మొదట జీ-టీ-టీ-జీ-జీ. అందులో ఐదో అక్షరం జీ. ఐవీఎస్ 1 అంటే మొదటి ఇంట్రాన్, మీ రిపోర్ట్ చెప్తున్నది దాంట్లో ఆ ఐదోది సీ అయిందని. ఇంట్రాన్ లోపలి సరుకు పోయేదే కానీ దాని మొదట్లో ఉండే ఈ నాలుగైదు అక్షరాలు "ఇక్కడ కత్తిరించు" అని కణానికి చెప్పే గుర్తు. ఆ గుర్తు బలహీనపడితే కణం చుట్టుపక్కల అలాంటి ఇంకో గుర్తు వెతుక్కుంటుంది. హెచ్‌బీబీ లో అలాంటివి మూడు ఉన్నాయి, ఎగ్జాన్ లోపల 38 అక్షరాల వెనక ఒకటి, 16 అక్షరాల వెనక ఒకటి, ఇంట్రాన్ లోపలికి 12 అక్షరాలు దాటాక ఒకటి. అక్కడ కత్తిరిస్తే ఎంఆర్ఎన్ఏ తప్పుగా తయారవుతుంది, బీటా గ్లోబిన్ తక్కువ పడుతుంది.

(చదువుకునేవాళ్ళ కోసం రెండు మాటలు ఇక్కడే. ఇలాంటి వాళ్ళ ఆర్ఎన్ఏ ని అలైన్ చేస్తే సామ్ ఫైల్ లో (అలైన్‌మెంట్ ఫలితం రాసే ఫైల్) ఇంట్రాన్ కి వాడే ఎన్ అనే గుర్తు ముందు ఉండే సంఖ్య మారుతుంది. మామూలుగా 130. పై మూడు చోట్ల కత్తిరిస్తే వరసగా 168, 146, 118. మధ్యధరా దేశాల్లో ఎక్కువగా ఉండే ఐవీఎస్ 1-110 అనే ఇంకో మార్పు ఉంది, అక్కడ ఇంట్రాన్ చివరికి కాస్త ముందు కొత్త ఏజీ పుట్టుకొచ్చి 19 బేసులు అదనంగా ఎంఆర్ఎన్ఏ లో మిగిలిపోతాయి, దాంట్లో ఎన్ 111 అవుతుంది. సాఫ్ట్‌వేర్ తెలిసిన జంక్షన్లనే (ఎగ్జాన్లు అతికిన చోట్లు) పట్టుకుని మిగతావాటిని బలవంతంగా 130 కి సర్దేస్తే ఈ జబ్బు డేటాలో మీకు కనిపించదు. అందుకే నేను అలైనర్ సెట్టింగ్స్ గురించి ఇంత పట్టుబడతా.)

ప్రశ్న: హాయ్ సార్, నేను పదేళ్ళుగా బ్యాక్‌ఎండ్ డెవలపర్ ని, ఇప్పుడు బయోఇన్ఫర్మాటిక్స్ వైపు రావాలనుకుంటున్నా. డైనమిక్ ప్రోగ్రామింగ్ తెలుసు, స్మిత్–వాటర్‌మన్ కోడ్ (రెండు సీక్వెన్సులని అక్షరం అక్షరం పోల్చే పద్ధతి) రాశా. గ్యాప్ పెనాల్టీ (మధ్యలో ఖాళీ వదిలినందుకు కోసే పాయింట్లు) తగ్గించేస్తే ఇంట్రాన్లు వాటంతట అవే వచ్చేయవా? ఇంకోటి, స్టార్ అనే అలైనర్ రన్ చేస్తే నా 16 జీబీ ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిపోతోంది, దారి ఏంటి? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

పెనాల్టీ తగ్గించేస్తే ఇంట్రాన్లే కాదు, ఎక్కడపడితే అక్కడ గ్యాపులు వచ్చేస్తాయి, సీక్వెన్సింగ్ తప్పు ఒకటి ఉన్నా దాన్ని తప్పించుకోవడానికి అలైన్‌మెంట్ పక్కకి దూకేస్తుంది. కావలసింది రెండు రకాల గ్యాపులు. చిన్న ఇన్సర్షన్ డిలీషన్లకి (అక్షరాలు చేరడం, పోవడం) పొడవుని బట్టి పెరిగే పెనాల్టీ, ఇంట్రాన్ కి మాత్రం ఒక్కసారి గట్టిగా కొట్టి తర్వాత పొడవెంతున్నా పట్టించుకోని పెనాల్టీ. మినిమ్యాప్2 అనే అలైనర్ లో స్ప్లైస్ మోడ్ తెరిచి చూడండి, అచ్చం ఇదే ఉంటుంది: మ్యాచ్ కి ఒక పాయింట్, చిన్న గ్యాప్ తెరవడానికి 2, పెంచడానికి అక్షరానికి 1, పెద్ద గ్యాప్ తెరవడానికి 32, పెంచడానికి సున్నా. జీటీ–ఏజీ లాంటి గుర్తు లేకపోతే ఇంకో 9 అదనం. ఈ కొద్ది అంకెల్లో స్ప్లైసింగ్ బయాలజీ మొత్తం కుదించి పెట్టారు, నాకు చాలా ఇష్టమైన డిజైన్ అది. హెంగ్ లీ 2018లో రాశాడు.

ఇక రెండో తలనొప్పి సైజు. డిస్ట్రోఫిన్ జీన్ తీసుకోండి, జీనోమ్ మీద సుమారు 22 లక్షల బేసులు, ఎంఆర్ఎన్ఏ మాత్రం 14 వేలే, 79 ఎగ్జాన్లు. మీరు రాసిన స్మిత్–వాటర్‌మన్ తో ఆ ఒక్క జీన్ కే మూడు వేల కోట్ల గడులు నింపాలి. జీన్ ఎక్కడుందో తెలియక మొత్తం మనిషి జీనోమ్ మీద, అంటే 310 కోట్ల బేసుల మీద పెడితే 43 లక్షల కోట్ల గడులు, అదీ ఒక్క ఎంఆర్ఎన్ఏ కి. అందుకే అందరూ చేసేది ఒకటే, ముందు ఇండెక్స్ తో చిన్న చిన్న కచ్చితమైన మ్యాచులు పట్టుకో, వాటిని వరసలో గొలుసుగా కట్టు, డైనమిక్ ప్రోగ్రామింగ్ ని ఆ గొలుసులో మిగిలిన సందుల్లో మాత్రమే నడుపు. 1998లో వచ్చిన సిమ్4 అనే సాఫ్ట్‌వేర్ ఈ దారిలోనే వెళ్ళింది. 2002లో జిమ్ కెంట్ బ్లాట్ రాశాడు, శాంటాక్రజ్ లో మనిషి జీనోమ్ ముక్కలు అతికించిన మనిషే ఆయన, అప్పట్లో లక్షల కొద్దీ ఈఎస్టీలు (ఎంఆర్ఎన్ఏ ల నుంచి చదివిన ముక్కలు) జీనోమ్ మీద పెట్టాల్సి వచ్చింది. జీనోమ్ ని 11 అక్షరాల ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కోసి ఇండెక్స్ చేసి మెమరీలో పెట్టేశాడు, అప్పుడు బాగా వాడుకలో ఉన్న టూల్స్ కంటే ఎంఆర్ఎన్ఏ విషయంలో 500 రెట్లు ఫాస్ట్ అని పేపర్లో రాశాడు. ఇప్పటికీ యూసీఎస్సీ జీనోమ్ బ్రౌజర్ వెబ్‌సైట్ లో ఒకటీ అరా సీక్వెన్స్ చూడాలంటే నేను బ్లాట్ కే వెళ్తా.

తర్వాత షార్ట్ రీడ్స్ (మెషీన్ చదివిచ్చే చిన్న ముక్కలు) కాలం వచ్చింది, ఆట మారిపోయింది. రీడ్ 100 అక్షరాలు, అవి కోట్లలో. 2009లో టాప్‌హ్యాట్ వచ్చి దారి వేసింది, ఇప్పుడు దాన్ని వాడకండి, ఆ టీమ్ వాళ్ళే హిసాట్2 అనే అలైనర్ కి మారమని చెప్పేశారు. స్టార్ 2013లో జర్నల్ లో వచ్చింది, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లో అలెక్స్ డోబిన్ రాశాడు, ఎన్‌కోడ్ ప్రాజెక్ట్ లో (మనిషి జీనోమ్ లో పనిచేసే భాగాలు వెతికే ప్రాజెక్ట్) గుట్టలు పడిన 8,000 కోట్ల పైచిలుకు రీడ్స్ కోసం. దాని ఐడియా చెప్తే మీకు వెంటనే నచ్చుతుంది: రీడ్ మొదటి నుంచి మొదలుపెట్టి జీనోమ్ లో కచ్చితంగా దొరికే అతి పొడవైన ముక్క ఎంతో చూడు, ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి మళ్ళీ వెతుకు. ఆగిన చోటు చాలాసార్లు జంక్షనే అవుతుంది, జంక్షన్ కోసం విడిగా వెతకనక్కర్లేదు. దీనికి సఫిక్స్ అర్రే ని కంప్రెస్ చేయకుండా మెమరీలో పెట్టుకుంటుంది, అందుకే మనిషి జీనోమ్ కి 30 జీబీ దాకా ర్యామ్ అడుగుతుంది, దానికి బదులు 12 కోర్ల సర్వర్ మీద గంటకి 55 కోట్ల రీడ్ జతలు లాగేస్తుందని వాళ్ళ పేపర్ లెక్క. మీ ల్యాప్‌టాప్ తప్పేం లేదు, స్పీడ్ కోసం మెమరీ ఖర్చుపెట్టిన డిజైన్ అది.

మీకు హిసాట్2 సరిపోతుంది. 2015లో వచ్చిన మొదటి హిసాట్ మనిషి జీనోమ్ కి 4.3 జీబీతో నడిచేది, ఎందుకంటే అది బరోస్–వీలర్ ట్రాన్స్‌ఫామ్ మీద కట్టిన ఎఫ్ఎం ఇండెక్స్ అనే కుదించిన ఇండెక్స్ వాడుతుంది. కానీ దాంట్లో అసలు తెలివి మెమరీ తగ్గించడం కాదు, ఇంకోటి. రీడ్ లో 92 అక్షరాలు ఒక ఎగ్జాన్ లో పడి, చివరి 8 అక్షరాలు మాత్రమే తర్వాతి ఎగ్జాన్ లో పడ్డాయి అనుకోండి. 8 అక్షరాల పదాలు మొత్తం 65,536 రకాలు. 310 కోట్ల బేసుల్లో ఆ పదం ఊరికే యాదృచ్ఛికంగానే 47 వేల చోట్ల కనిపిస్తుంది, ఏది నిజమో ఎవడు చెప్పగలడు. హిసాట్ ఏం చేసిందంటే పెద్ద ఇండెక్స్ తో పాటు జీనోమ్ అంతటా ఒక్కోటి 64 వేల బేసుల మేర ఉండే చిన్న ఇండెక్సులు 48 వేల దాకా పెట్టుకుంది. 92 అక్షరాలు పెద్ద ఇండెక్స్ తో చోటు పట్టిస్తాయి, మిగతా 8 ని ఆ చుట్టుపక్కల చిన్న ఇండెక్స్ లోనే వెతుకుతుంది, 64 వేల బేసుల్లో ఆ పదం సగటున ఒక్కసారే రావాలి. ఇంట్రాన్లు చాలావరకు అంత దూరం లోపే ఉంటాయి కాబట్టి ఇది పనిచేస్తుంది. మీలాంటి డెవలపర్ కి చదువుకోవడానికి ఇంతకన్నా మంచి కోడ్ చూపించలేను.

ప్రశ్న: సార్, కంది మీద డ్రౌట్ స్ట్రెస్ ఆర్ఎన్ఏ-సీక్ (ఆర్ఎన్ఏ ని సీక్వెన్స్ చేయడం) చేశాం. డీఫాల్ట్ సెట్టింగ్స్ తో స్టార్ రన్ చేస్తే కొన్ని జీన్లలో లక్ష, రెండు లక్షల బేసుల ఇంట్రాన్లు చూపిస్తోంది, మా గైడ్ కొత్త డిస్కవరీ అంటున్నారు, నాకు నమ్మకం కుదరట్లేదు. — రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

మీ అనుమానమే కరెక్ట్ అండి, గైడ్ గారికి మర్యాదగా ఈ డేటా చూపించండి. ఈ టూల్స్ డీఫాల్ట్స్ అన్నీ మనిషినీ ఎలుకనీ దృష్టిలో పెట్టుకుని పెట్టినవి. స్టార్ లో ఇంట్రాన్ పొడవు మీరు చెప్పకపోతే 5,89,824 దాకా ఒప్పుకుంటుంది, హిసాట్2 ఐదు లక్షల దాకా, మినిమ్యాప్2 రెండు లక్షల దాకా. మొక్కల ఇంట్రాన్లు చాలా వరకు వందల్లో ఉంటాయి, కొన్ని వేలల్లో, లక్షల్లో అంటే గట్టి సాక్ష్యం ఉంటే తప్ప నమ్మకూడదు.

ఎందుకు వస్తాయో చెప్తా. మొక్కల్లో ఒకే రకం జీన్లు వరసగా పక్కపక్కనే ఉండటం మామూలు, రోగ నిరోధక జీన్లు ముఖ్యంగా. రీడ్ మొదటి సగం ఒక జీన్ లో పడి, రెండో సగానికి పక్కన నాలుగో జీన్ లో ఒక్క అక్షరం మెరుగైన మ్యాచ్ దొరికితే అలైనర్ మధ్యలో ఉన్న మూడు జీన్లనీ ఇంట్రాన్ అని రాసేస్తుంది. రెండో కారణం జీనోమే అసంపూర్ణంగా ఉండటం. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలో ఆశ అనే కంది రకం జీనోమ్ చేసి 2012లో నేచర్ బయోటెక్నాలజీలో వేశారు, 48,680 జీన్లు అంచనా వేశారు, పప్పుధాన్యాల పరిశోధనకి అది ఎంత పెద్ద మెట్టో చెప్పలేను, నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఆ డ్రాఫ్ట్ లో 833 మెగాబేసుల (మెగాబేస్ అంటే పది లక్షల బేసులు) అంచనా సైజుకి సుమారు 606 మెగాబేసులే అసెంబుల్ అయ్యాయి, అంటే 73 శాతం. మిగతా 27 శాతంలో ఉన్న జీన్ల నుంచి కూడా రీడ్స్ వస్తాయి కదా, వాటికి సొంత చోటు లేక పోలిక ఉన్న పక్క జీన్ల మీద సగం సగం వాలతాయి. అంతకంటే పూర్తిగా ఉన్న అసెంబ్లీ మీకు దొరికితే దాని మీదే మళ్ళీ చేయండి.

చేయాల్సింది ఇది. ముందు మీ దగ్గరున్న జీఎఫ్ఎఫ్ ఫైల్ (జీన్లు, ఎగ్జాన్లు ఎక్కడున్నాయో రాసిన ఫైల్) లోంచి ఇంట్రాన్ల పొడవులన్నీ తీసి గ్రాఫ్ వేయండి, దాదాపు అన్నీ ఎంత లోపు ఉన్నాయో చూసి దానికి కాస్త పైన మ్యాక్సిమం ఇంట్రాన్ పెట్టండి, పది వేలో ఇరవై వేలో మీ గ్రాఫే చెప్తుంది. మరీ తగ్గించకండి, నిజమైన పెద్ద ఇంట్రాన్ ఉన్న జీన్ రెండు ముక్కలై రెండు జీన్లుగా కనిపిస్తుంది. తర్వాత స్టార్ ఇచ్చే జంక్షన్ ఫైల్ తెరవండి, ఎస్‌జే డాట్ అవుట్ డాట్ ట్యాబ్. ఐదో కాలమ్ లో జీటీ–ఏజీ యా కాదా ఉంటుంది, ఏడోదాంట్లో ఒకే చోట కూర్చునే రీడ్స్ ఎన్నో, తొమ్మిదోదాంట్లో జంక్షన్ కి అవతల గరిష్టంగా ఎన్ని అక్షరాలు ఆనుకున్నాయో. ఒక్క రీడ్ తో, ఆరేడు అక్షరాల ఆనుకోలుతో నిలబడిన జంక్షన్ ని పక్కన పెట్టండి. మీ రెప్లికేట్లలో (ఒకే ప్రయోగం మళ్ళీ చేసిన శాంపిల్స్) ఒకదాంట్లోనే కనిపించి మిగతావాటిలో లేనిదాన్ని కూడా. వడకట్టాక మిగిలిన జంక్షన్లని ఇచ్చి రెండోసారి అలైన్ చేయండి, టూ-పాస్ అంటారు, అప్పుడు తక్కువ ఆనుకోలు ఉన్న నిజమైన రీడ్స్ కూడా సరైన చోటికి వస్తాయి. వడకట్టకుండా టూ-పాస్ చేస్తే మాత్రం మొదటి రౌండ్ తప్పులే రెండో రౌండ్ లో బలపడతాయి.

చివరగా ఐజీవీ లో (అలైన్‌మెంట్ ని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్) ఆ లక్ష బేసుల ఇంట్రాన్ ఉన్న జీన్ తెరిచి కళ్ళతో చూడండి, మధ్యలో ఇంకో జీన్ నిండా రీడ్స్ తో కనిపిస్తే గైడ్ గారికి ఆ స్క్రీన్‌షాట్ చాలు.

ప్రశ్న: జీఏపీడీహెచ్ అనే జీన్ ని కంట్రోల్ గా వాడుతున్నాం, దాని రీడ్స్ వేరే క్రోమోజోముల మీద కూడా పడుతున్నాయి. శాంపిల్ లో డీఎన్ఏ కలిసిందా? — ల్యాబ్ టెక్నీషియన్, విశాఖపట్నం

డీఎన్ఏ కలిసి ఉండొచ్చు, అది చూసుకోండి, కానీ ఎక్కువసార్లు కారణం సూడోజీన్లు. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కింద స్ప్లైస్ అయిపోయిన ఎంఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏ గా మారి జీనోమ్ లో ఎక్కడో అతుక్కుంటుంది, దాంట్లో ఇంట్రాన్లు ఉండవు. జీఏపీడీహెచ్ కి మనిషి జీనోమ్ లో ఇలాంటి నకళ్ళు అరవై దాకా ఉన్నాయి, రైబోసోమ్ ప్రొటీన్ జీన్లకైతే అన్నిటికీ కలిపి రెండు వేల దాకా. అలైనర్ కోణంలో చూడండి, అసలు జీన్ మీద పెట్టాలంటే ఇంట్రాన్ పెనాల్టీ కట్టాలి, నకలు మీద అయితే ఒకటి రెండు అక్షరాల తేడాతో వరసగా కూర్చుంటుంది, అదే చౌక. యానోటేషన్ ఫైల్ (తెలిసిన జీన్లు, ఎగ్జాన్ల జాబితా) ఇచ్చి ఇండెక్స్ చేయండి, తెలిసిన జంక్షన్ కి పెనాల్టీ ఉండదు కాబట్టి రీడ్స్ చాలావరకు ఇంటికి తిరిగొస్తాయి.

ప్రశ్న: మా ల్యాబ్ లో మెదడు శాంపిల్స్ మీద నానోపోర్ లాంగ్ రీడ్స్ చేస్తున్నాం. రీడ్ మొత్తం ఎంఆర్ఎన్ఏ అంత పొడవు ఉంది కదా, ఇక జంక్షన్ సమస్యలు తీరిపోయినట్టేనా? — పీహెచ్‌డీ విద్యార్థి, డాలస్

చాలా తీరాయి, ఏ ఎగ్జాన్ తో ఏ ఎగ్జాన్ కలిసిందో ఒకే రీడ్ లో కనిపించడం షార్ట్ రీడ్స్ తో ఎప్పటికీ రాని సుఖం. కానీ మీది మెదడు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. న్యూరాన్లలో 3 నుంచి 27 బేసుల మైక్రోఎగ్జాన్లు ఉంటాయి, ఆటిజం ఉన్న కొందరి మెదడు శాంపిల్స్ లో ఇవి తక్కువగా చేరుతున్నాయని 2014లో వచ్చింది, అంటే చిన్నవే కానీ వదిలేసేవి కావు. పైన డెవలపర్ గారికి చెప్పిన అంకెలతో లెక్క వేయండి. 6 బేసుల ఎగ్జాన్ ని సరిగ్గా కూర్చోబెడితే మీకు వచ్చేది 6 పాయింట్లు, దానికోసం అదనంగా ఇంకో ఇంట్రాన్ తెరవాలి, పోయేది 32, నికరంగా మైనస్ 26. అదే ఆ 6 బేసుల్ని ఇన్సర్షన్ అని రాసేస్తే పోయేది 8 మాత్రమే. సాఫ్ట్‌వేర్ ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు, ఎగ్జాన్ మాయమైపోతుంది. అందుకని మీ బ్యామ్ ఫైల్ లో (సామ్ ఫైల్ కుదించిన రూపం) ఎక్కడైనా ఒకే జంక్షన్ దగ్గర చాలా రీడ్స్ లో ఒకే అక్షరాల ఇన్సర్షన్ కనిపిస్తే ఆగి చూడండి, సీక్వెన్సింగ్ తప్పులు మామూలుగా అలా ఒకే అక్షరాలతో రావు. యానోటేషన్ బెడ్ ఫైల్ ఇచ్చి నడపండి, 2021లో వచ్చిన అల్ట్రా అనే టూల్ చిన్న ఎగ్జాన్ల కోసమే చేశారు, ఆ జీన్ల మీద అది కూడా నడిపి పోల్చండి. డైరెక్ట్ ఆర్ఎన్ఏ (డీఎన్ఏ గా మార్చకుండా నేరుగా చదవడం) అయితే రీడ్ దిశ తెలుసు కాబట్టి ఆ సంగతి అలైనర్ కి చెప్పండి, లేకపోతే అది రెండు వైపులా జీటీ–ఏజీ వెతుకుతూ కూర్చుంటుంది.

ప్రశ్న: కల్లిస్టో, సాల్మన్ అనే టూల్స్ తో జీన్ల లెక్క నిమిషాల్లో అయిపోతోంది, ఇంకా జీనోమ్ మీద అలైన్ చేయడం ఎందుకు సార్? — ఎంటెక్ విద్యార్థి, గుంటూరు

మీకు కావలసింది తెలిసిన జీన్లు ఎంతెంత ఎక్స్‌ప్రెస్ అవుతున్నాయో లెక్క మాత్రమే అయితే అవే వాడండి, నేనూ అవే వాడతా. 2016లో కల్లిస్టో, 2017లో సాల్మన్ వచ్చాక ఆ పనికి పూర్తి అలైన్‌మెంట్ అక్కర్లేదని తేలిపోయింది, రీడ్ ఏ ట్రాన్‌స్క్రిప్ట్ లకి (జీన్ నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏ రూపాలకి) చెందొచ్చో తెలిస్తే చాలు, ఏ అక్షరం ఎక్కడ అన్నది అనవసరం. కానీ అవి వెతికేది మీరిచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్ లిస్ట్ లోనే. ఖమ్మం తండ్రి గారి అమ్మాయి ఆర్ఎన్ఏ ఇస్తే 146 బేసుల ఇంట్రాన్ ఉందని అవి చెప్పలేవు, ఆ ట్రాన్‌స్క్రిప్ట్ లిస్ట్ లో లేదు కాబట్టి. కొత్త జంక్షన్, జబ్బు మ్యుటేషన్, సరిగ్గా యానోటేట్ కాని పంట, ఈ మూడింట్లో ఏదున్నా జీనోమ్ మీద అలైన్ చేయాల్సిందే. సాల్మన్ వాడేటప్పుడు జీనోమ్ ని డికాయ్ గా (ఎర లాగా) ఇవ్వడం మర్చిపోకండి, లేదంటే ఇంట్రాన్ల నుంచీ సూడోజీన్ల నుంచీ వచ్చిన రీడ్స్ కూడా మీ జీన్ల ఖాతాలో పడతాయి.